చిరునామా – హద్దు

హైదరాబాదు మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దాని చుట్టూ పెరిగిన హైటెక్ సిటీలో నేడు వేలాది మంది ప్రోగ్రాములు రాస్తున్నారు. అక్కడి భవనాలలో ప్రతి గదికీ ఒక సంఖ్య ఉన్నట్లే, కంప్యూటర్ మెమరీలో ప్రతి గడికీ ఒక సంఖ్య ఉంటుంది. అదే దాని చిరునామా. ఆ చిరునామాను దాచుకొనే చరరాశిని ‘పాయింటర్’ అంటారు.

సి, సి++ భాషలు పాయింటర్ వాడకంలో ప్రోగ్రామర్‌కు ఎంతో స్వేచ్ఛనిస్తాయి. 20 గడుల వరుసలో 21వ గడిని అడిగినా సాధారణంగా వారించవు. హద్దుకు ఆవల ఏమున్నదో ముందుగా చెప్పలేము.

2024 జూలై 19న ఇటువంటి పొరపాటే లోకాన్ని కలవరపెట్టింది. కంప్యూటర్లకు రక్షణ కల్పించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ప్రోగ్రాము, కొత్త నవీకరణ అందిన పిమ్మట, 20 విలువలే ఉన్న చోట 21వ దానిని చదువబోయింది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. ఆ దెబ్బ హైదరాబాదునూ తాకింది. శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది.

కనుక చదివే ముందు హద్దును పరీక్షించాలి. శూన్య పాయింటర్‌ను అనుసరించరాదు. విడిచిపెట్టిన మెమరీని మరల తాకరాదు; ఇల్లు మారిన వాని పాత చిరునామాకు ఉత్తరం రాస్తే అది పరుల చేతిలో పడుతుంది కదా! 2015లో తొలి స్థిరరూపం పొందిన రస్ట్ భాష ఈ జాగ్రత్తలను చాలావరకు తానే వహిస్తుంది. ప్రమాదకరమైన పనులను ‘అన్‌సేఫ్’ అని గుర్తించిన భాగంలోనే అనుమతిస్తుంది. ఆ భాగంలో మాత్రం బాధ్యత ప్రోగ్రామర్‌దే.

ప్రశ్నలు
1. పాయింటర్ అనగానేమి?
2. హద్దును పరీక్షించకపోతే కలిగే నష్టాన్ని సోదాహరణంగా వివరించండి.