మంచు ఎక్కువగా కురిసిన ఏడు కొండయాత్ర

దూరపు కొండలు నునుపని మన పెద్దలు ఊరికే అనలేదు. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలు జూన్‌లో ఎండకి మెరుస్తుంటే, వీపుకి సంచి తగిలించుకుని వెంటనే బయల్దేరాలనిపిస్తుంది. ఆ రాష్ట్రంలో చదువుకునేవాళ్లలో, ఉద్యోగాలు చేసేవాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

2022-23 శీతకాలంలో అక్కడ మంచు విపరీతంగా కురిసింది. 2023 ఏప్రిల్ 3న టాహో సరస్సుకి దక్షిణంగా ఉన్న ఫిలిప్స్ స్టేషన్ దగ్గర కొలిస్తే మంచు లోతు 126.5 అంగుళాలు, అందులోని నీరు 54 అంగుళాలు. మనం చూడవలసింది ఈ రెండో అంకె. కొత్త మంచు దూదిలా తేలిగ్గా ఉంటుంది. పాతబడినకొద్దీ అణిగి బరువెక్కుతుంది. కనుక లోతు ఒక్కటే చూస్తే మోసపోతాం. కరిగితే ఎంత నీరవుతుందన్న దాన్నిబట్టే వేసవిలో ఏళ్ల ఉధృతి ఉంటుంది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం మొత్తంమీద ఈ నీరు సగటులో 237 శాతం ఉంది. ఫలితంగా యోసెమిటీ మీదుగా వెళ్లే టయోగా రోడ్డు జూలై 22 దాకా తెరుచుకోలేదు.

కాబట్టి మొదట మార్చుకోవలసింది తేదీ. అటువంటి ఏడు జూన్ యాత్రని ఆగస్టు చివరికో, సెప్టెంబరుకో జరుపుకోవాలి. కనుమకి ఉత్తరపు వాలు మీద మంచు ఆలస్యంగా కరుగుతుందని పటం చూసేటప్పుడే గుర్తుంచుకోవాలి.

రెండోది నడక లెక్క. బాట మంచు కింద కప్పడిపోతుంది; దారి వెతుక్కుంటూ నడిస్తే మామూలు దూరంలో సగం నడవడమే కష్టం. అంచేత తిండి అదనంగా మోసుకెళ్లాలి. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉంటుంది. జారితే ఆగడానికి మంచుగొడ్డలి, బూట్లకి బిగించే ముళ్ల చట్రాలు కావాలి. వాటిని వాడడం ముందే నేర్చుకోవాలి. మధ్యాహ్నమైతే అదే మంచు మెత్తబడి కాలు తొడదాకా దిగబడుతుంది.

మూడోది అన్నిటికంటె ప్రమాదం: ఏరు. మంచు బాగా పడిన 2017 వేసవిలో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడుస్తున్న ఇద్దరు యువతులు సియెర్రా ఏళ్లలో మునిగి చనిపోయారు. పగటి ఎండకి కరిగిన నీళ్లు సాయంత్రానికి పొంగుతాయి, తెల్లారేసరికి కాస్త తగ్గుతాయి. అందుకని సాయంత్రం ఇవతలి గట్టునే పడుకుని, ఉదయాన్నే దాటాలి. దాటేముందు సంచి నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేసుకోవాలి; పడితే సంచి వదిలించుకోవచ్చు. దిగువన జలపాతంగాని, పడిపోయిన చెట్లుగాని ఉంటే అక్కడ దిగనేకూడదు. ఒంటికి తాడు కట్టుకోకూడదు. ప్రవాహంలో ఆ తాడే మనిషిని నీటి అడుగుకి లాగేస్తుంది.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా ఒక్కోసారి ముందుకే వెళ్తారు. పెట్టిన సెలవులు, టికెట్ల డబ్బు, స్నేహితుల ముందు పరువు—ఇవే వాళ్లని ఏట్లోకి దింపుతాయి. అందుచేత ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోండి: జట్టులో ఏ ఒక్కరు "వద్దు" అన్నా అందరూ వెనక్కి తిరగాలి. ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు వెళ్లొచ్చు. కొండ అక్కడే ఉంటుంది.