రికార్డు పుస్తకంలోని పది సెంటీమీటర్లు

ఒక ఏడాది పదవ తరగతి పిల్లల ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం. కొవ్వొత్తిని కటకానికి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే, తెరమీద ప్రతిబింబం 15 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా వచ్చిందనీ, కాబట్టి నాభ్యంతరం 10 సెంటీమీటర్లనీ అందరూ రాశారు. లెక్కలో తప్పు లేదు. 1/15, 1/30 కలిపితే 1/10 వస్తుంది. దస్తూరి కూడా ముచ్చటగా ఉంది. పది పన్నెండు రికార్డులకు సంతకాలు పెట్టేశాక నాకు హఠాత్తుగా ఒక సంగతి గుర్తుకు వచ్చింది. మా బడిలోని 10 సెంటీమీటర్ల కటకం అంతకుముందు ఏడే కిందపడి పగిలిపోయింది. ఈ పిల్లల చేతికి నేనిచ్చింది 20 సెంటీమీటర్ల కటకం! దానితో ప్రయోగం చేసి ఉంటే ప్రతిబింబం 15 దగ్గర కాదు, 60 సెంటీమీటర్ల దగ్గర రావాలి.

అంటే ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. కిందటేటి అన్నల రికార్డులు, అక్కల రికార్డులు చేతులు మారాయి. పగిలిపోయిన కటకం కాగితం మీద ఇంకా వెలుగుకిరణాలను వంచుతూనే ఉంది! మరి నా సంతకాల మాటేమిటి? చూడకుండా పెట్టినవే కదా అవి.

ఇదే పని పెద్దలు చేస్తే ఏమవుతుంది? శాస్త్రజ్ఞులకూ ఒక రికార్డు పుస్తకం ఉంది. అదే పరిశోధన పత్రిక. మనం చదివే వారపత్రికల వంటిది కాదది. ఒక శాస్త్రజ్ఞుడు తాను చేసిన ప్రయోగం ఏమిటో, ఏ పరికరాలతో ఎలా చేశాడో, ఏ కొలతలు వచ్చాయో, వాటి అర్థం ఏమని తాను అనుకుంటున్నాడో అందులో వ్యాసంగా రాస్తాడు. ప్రపంచంలో మరెక్కడో ఉన్న మరొకరు ఆ వ్యాసం చదివి, అదే పని చేస్తే అదే ఫలితం రావాలి. ఇది షరతు.

ఈ షరతుకు నిలబడిన వ్యాసం ఒకటి మనవాడే రాశాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు విన్నారు. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పనిచేస్తూ, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఆయన తయారుచేశాడు. ఆమ్లంలో మాలిబ్డేటు కలిపితే అది ఫాస్ఫేటుతో కూడుతుంది. దానికి తగిన క్షయకరణిని చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే నీలం చిక్కన, తక్కువైతే పలచన. రంగును పోల్చి చూసి పరిమాణం చెప్పవచ్చు. ఫిస్క్, సుబ్బారావుల పేర్లతో ఈ వ్యాసం 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో వచ్చింది. తరువాత దశాబ్దాల తరబడి దేశదేశాల ప్రయోగశాలల్లో ఆ వ్యాసం చూసి భాస్వరం కొలిచారు. రాసినవారిని ఎవరూ ఎరుగరు, కానీ అందరికీ అదే నీలం వచ్చింది. ఇతర శాస్త్రజ్ఞులు తమ వ్యాసాల్లో అత్యధికంగా పేర్కొన్న వ్యాసాలలో అది ఒకటిగా నిలిచింది.

అసలు విశేషం ఆ తరువాత ఉంది. ఈ పద్ధతితోనే కండరంలోని ఫాస్ఫేటును కొలవబోతే రంగు సరిగా కుదరలేదు. నీలం వెంటనే పూర్తిగా రాకుండా, కొంతసేపు పెరుగుతూనే పోయింది. రికార్డు పూర్తిచేయాలన్న తొందర ఉన్నవాడైతే ఏం చేసేవాడు? ఏదో ఒక నిమిషం దగ్గర ఆగి, ఆ అంకె వేసి, సంతకం కోసం పరుగెత్తేవాడు. వాళ్లు అలా చేయలేదు. ఆలస్యం ఎందుకని వెతికారు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదనీ, క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి ఉండి, పరీక్షలో వాడే ఆమ్లంలో మెల్లగా విడిపోతున్నదనీ తేలింది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం సంకోచించటానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు కొత్త దారి చూపిన ఈ సంగతి 1927లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు ఇలాంటి పదార్థాన్నే విడిగా, తమ దారిన తాము గుర్తించారు. రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా! కుదరని కొలతను దిద్దివేయకపోవటం వల్ల దొరికిన ఫలం అది.

ఇప్పుడు మన తిరుపతికి వద్దాం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు 2004 నుంచి 2007 వరకు విదేశీ పత్రికల్లో వ్యాసాలు కుప్పలు తెప్పలుగా ప్రచురించారు. పేరు మనకు అవసరం లేదు. నీటిలో, ఆహారంలో ఉండే పదార్థాలను కొలిచే విశ్లేషణ రసాయనశాస్త్రం ఆయన రంగం. తరువాత లెక్క తేలిస్తే ఇతరుల వ్యాసాల నుంచి ఎత్తి రాసినవీ, కల్పించినవీ కలిపి 70కి పైగా ఉన్నాయి. అవి అచ్చయిన పత్రికలు సుమారు 25. 2008లో అమెరికా రసాయనశాస్త్ర సంఘంవారి వార్తాపత్రిక దీన్ని పెద్ద వార్తగా వేసింది. విశ్వవిద్యాలయం విచారణ జరిపి, ఆయన పరిశోధక విద్యార్థులకు మార్గదర్శిగా ఉండరాదని నిషేధించింది. పత్రికలు ఆ వ్యాసాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మా సూళ్లూరుపేట నుంచి తిరుపతి ఎంతో దూరం కాదు. ఆ రోజుల్లో వార్త చదివి, నమ్మటానికి మనసొప్పక రెండుసార్లు చదివాను.

దొంగిలించినవాడు దొంగ, అందులో చర్చ లేదు. కానీ మూడేళ్లపాటు 70 వ్యాసాలు ఎలా దాటిపోయాయి? దీనికోసం వ్యాసం ఎలా అచ్చవుతుందో తెలియాలి. సంపాదకుడు తన దగ్గరికి వచ్చిన వ్యాసాన్ని అదే విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు శాస్త్రజ్ఞులకు పంపుతాడు. సాధారణంగా వారికి జీతం ఉండదు. వారు శ్రద్ధగా చదివి, లోపాలు చూపి, వేయవచ్చో లేదో చెప్పాలి. రాసినవాడు స్నేహితుడైనా, పోటీదారుడైనా ఆ మాట ముందే సంపాదకునికి చెప్పి తప్పుకోవాలి. చదివిన కొత్త సంగతిని రహస్యంగా ఉంచాలి, తన పనికి వాడుకోరాదు. అయితే వారు ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడరు. కటకం దగ్గర నేను నిలబడనట్టే, వారూ ఆ ప్రయోగశాలలో నిలబడలేదు. అంకెలు నిజమేనని నమ్మి చదువుతారు. ఈ నమ్మకం మీదే అంతా నడుస్తుంది. అందుకే దాన్ని మోసగించటం తేలిక.

మా ఊళ్లో మేడ ఎక్కితే శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి.-3 అక్కడ నుంచి లేచి, కాసేపటికే బంగాళాఖాతంలో పడింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటం సరిగా పనిచేయలేదని తేల్చుకున్నారు, సరిచేశారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. రాకెట్టులో తప్పుంటే నిమిషాల్లో ఆకాశమే చెప్పేస్తుంది. అబద్ధపు వ్యాసం అలా కాదు. అది చప్పుడు చేయకుండా గ్రంథాలయంలో కూర్చుంటుంది. నీటిలో విషలోహం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి అందులో ఉందనుకోండి. ఎక్కడో ఒక పేద ప్రయోగశాలలో ఒక అమ్మాయి దాన్ని నమ్మి నెలల తరబడి ప్రయత్నిస్తుంది. ఫలితం రాదు. తప్పు తనదేననుకుని కుమిలిపోతుంది. లేదా, మరీ ప్రమాదం, ఏదో అంకె వస్తుంది, ఆ బావినీరు తాగవచ్చునని చెప్పేస్తారు.

దొంగతనం ఒక్కటే తప్పు కాదు. దాచిపెట్టటమూ తప్పే. సుబ్బారావు కథలోనే దానికీ ఉదాహరణ ఉంది. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను చాలా ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుగొనవలసి వచ్చిందనీ, ఫిస్క్ వాటిని వెలుగులోకి రానివ్వకపోవటమే కారణమనీ, ఆ కాలంలో అక్కడే పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. ఒక మనిషికి రావలసిన పేరు పోయింది సరే, అన్ని ఏళ్ల జ్ఞానం కూడా లోకానికి ఆలస్యమైంది. అలాగే పనిచేసిన కుర్రవాని పేరు తీసేయటం, పని చేయని పెద్దమనిషి పేరు పైన పెట్టటం కూడా అబద్ధాలే. వ్యాసం మీద పేరు ఉంటే, రేపు దానిలో తప్పు దొరికినప్పుడు జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా ఉన్నట్టే.

పత్రిక నడిపేవారే దారి తప్పితే? ఆ సంగతీ మన రాజధానుల్లోనే జరిగింది. హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ అనే సంస్థ మీద 2016లో అమెరికా వ్యాపార పర్యవేక్షణ సంఘం దావా వేసింది. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి సరిగా పరిశీలించకపోవటం, తమకు సంబంధం లేని శాస్త్రజ్ఞుల పేర్లను సంపాదకులుగా వేయటం, రుసుము సంగతి ముందు దాచి తరువాత పెద్ద మొత్తాలు అడగటం అభియోగాలు. 2019 మార్చిలో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. సంతకం పెట్టటానికి డబ్బు పుచ్చుకునే మాస్టారు బడిలో ఉంటే రికార్డులు ఎలా ఉంటాయో ఊహించుకోండి!

మన దేశంలో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2018లో నియమాలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే చర్య మొదలవుతుంది, 60 శాతం దాటిన సిద్ధాంత వ్యాసానికి నమోదే రద్దవుతుంది. కంప్యూటరు ఈ పోలికను నిమిషాల్లో పట్టేస్తుంది. కానీ అది పట్టేది మాటల పోలికను. ఎవరి దగ్గరా ఎత్తకుండా సొంతంగా కల్పించిన అంకెను కంప్యూటరు అంత సులువుగా పట్టలేదు. మా పిల్లల 15 సెంటీమీటర్లను కూడా కటకం సంగతి తెలిసినవాడే పట్టాడు, అదీ ఆలస్యంగా.

తప్పని తేలిన వ్యాసాన్ని పత్రికవారు సాధారణంగా చించి పారేయరు. అది ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంచి, 'ఉపసంహరించబడింది' అని దానిమీద ముద్రవేసి, కారణం రాస్తారు. అప్పటికే దాన్ని నమ్మినవారికి తెలియాలి కదా. తన తప్పును తానే కనిపెట్టి అలా వెనక్కి తీసుకున్న శాస్త్రజ్ఞులూ ఉన్నారు. వారిని మోసగాళ్లతో జమకట్టరాదు.

మా రికార్డులనూ నేను చింపలేదు. సంతకాల మీద గీత కొట్టి, తేదీ వేసి, 'చూడకుండా పెట్టితిని' అని పక్కన రాశాను. పిల్లలు నవ్వారు, నవ్వనీ. తరువాత బల్లలు జరిపి, కిటికీలు మూసి, ప్రయోగం మళ్లీ చేశారు. చాలా జట్లకు 19కీ 21కీ మధ్య వచ్చింది. చివరి బల్ల దగ్గర ముగ్గురు అమ్మాయిలకు మాత్రం 23 వచ్చింది. మళ్లీ చేశారు, మళ్లీ 23. పక్క జట్టువాళ్లు 20 వేసెయ్యమని సలహా చెప్పారు. వాళ్లు 23 అనే రాసి, 'కారణం తెలియలేదు' అని కింద చేర్చి నా దగ్గరికి తెచ్చారు. సంతకం పెట్టి, స్కేలు తీసుకుని వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లాను.