విరిచి చూడలేని అద్దం

ప్రశ్న: ఆర్మూర్‌లో పసుపు దుకాణం మీద ఇల్లు కట్టుకున్నాం. తలుపులకూ బాల్కనీకీ అద్దం పెట్టించాం. మందంగా ఉంది కనుక భయం లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: మందం బలాన్నిస్తుంది, భద్రతనివ్వదు. పసుపు కొమ్మునైతే విరిచి లోపలి రంగు చూడొచ్చు. అద్దానికి ఆ వీలు లేదు, దాని గుణం బయటపడేది పగిలినప్పుడే. మామూలు అద్దం 12 మిల్లీమీటర్లున్నా కత్తుల్లాంటి పెచ్చులవుతుంది. టఫెన్డ్ అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలి ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందే బిగుసుకోవడంతో అంతే మందమున్న మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు తట్టుకుంటుంది, పగిలితే చిన్న ముక్కలుగా రాలుతుంది. ఆ బిగువు వల్లే తర్వాత కోయడానికీ బెజ్జం వేయడానికీ లొంగదు. మీ ఇంటి దగ్గరే కోసి బిగించారా? అయితే అది టఫెన్డ్ కాదు, ఎవరేం చెప్పినా సరే. మూలలో చెరగని ముద్ర, ఐఎస్ 2553 సంఖ్య, ఐఎస్ఐ గుర్తు వెతకండి. పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూస్తే నల్లని మచ్చలో చారలో కనబడవచ్చు. అది సూచనే, రుజువు కాదు.

టఫెన్డ్ అయితే చాలదా అంటారు. తలుపుకు చాలు. బాల్కనీలో పగిలితే పలక మొత్తం రాలిపోయి, ఆనుకున్న మనిషికి అడ్డమే ఉండదు. పైగా లోపలి నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల అరుదుగా దానంతటదే పగలొచ్చు. అక్కడ లామినేటెడ్ కావాలి: మధ్యనున్న ప్లాస్టిక్ పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది. అంచున ఆ పొర సన్నని గీతలా కనిపిస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ పొదుపు చేయాల్సిన చోటు అది కాదు. ముద్ర లేని పలకల్ని ముందు బాల్కనీలోనే మార్పించండి.