తుఫానువేళ కబురు

నేడు మనిషి ఇంటినుండి కదలకుండానే ఎన్నో పనులు చక్కబెట్టుకుంటున్నాడు. రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, పరీక్షా ఫలితం, బంధువుల క్షేమసమాచారం అన్నీ అరచేతిలోని ఫోనులోనే అందుతున్నాయి. కొట్లో ఉప్పు పొట్లం కొన్నా డబ్బు ఫోనుద్వారానే చెల్లించవచ్చు. ఈ సౌకర్యం మేలైనదే. అయితే దీనిని ఎంతవరకు నమ్ముకోవచ్చు? తూర్పుతీరపు తుఫానులు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతాయి.

1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని పెనుతుఫాను తాకింది. దాదాపు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. టెలిఫోను తీగలు తెగిపోయాయి. ఏ ఊళ్లో ఎవరికి ఏమి కావాలో తెలిపే దారి లేకపోయింది. అప్పుడు ఆదుకున్నవారిలో ఔత్సాహిక రేడియో నిపుణులు ఉన్నారు. వీరిని 'హామ్‌లు' అంటారు. ఒక చిన్న రేడియో, ఒక బ్యాటరీ, ఒక తీగ ఉంటే చాలు. వీరు దూరప్రాంతాలతో మాట్లాడగలరు.

ఆ సమయంలోనే ఒడిశా పోలీసుల పావురాలు కూడా కబుర్లు మోశాయి. ఆ పావురాల దళం 1946లో ఏర్పడింది. 1982 వరదలలోనూ అది సేవ చేసింది. పావురానికి తన గూటికి తిరిగి వచ్చే దారి మాత్రమే తెలుసు. కనుక దానిని ముందుగానే ఆ ఊరికి తీసుకుపోయి ఉంచుకోవాలి. ఆపద వచ్చాక వెతికితే ప్రయోజనం లేదు.

మరి కొత్త సాధనాలు పనికిరానివా? కానే కావు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గంజాం జిల్లాలోని గోపాలపూర్ వద్ద తీరం దాటింది. ఆ జిల్లాలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. ఉపగ్రహాలు, రాడార్లు ఆ తుఫాను రాకను ముందే పసిగట్టాయి. ఒడిశాలో సుమారు పదిలక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. ముప్పును గుర్తించినది యంత్రమే. కాని ఇల్లు విడిచి రానన్న ముసలివారిని ఒప్పించి, చేయి పట్టుకొని నడిపించినది మాత్రం మనిషే.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. బ్యాంకులో సొమ్మున్నా చేతికి అందక జనం ఇబ్బంది పడ్డారు.

దీనికి కారణం తెలుసుకోవడం కష్టం కాదు. మన ఫోను ఒంటరిగా పనిచేయదు. దానికి టవరు కావాలి. టవరుకు కరెంటు కావాలి. టవరునుండి దూరాన ఉన్న కంప్యూటర్లవరకు దారి తెగకుండా ఉండాలి. ఇది గొలుసు వంటిది. ఒక్క లంకె తెగినా గొలుసంతా వృథా. తుఫాను లేకున్నా ఈ గొలుసు ఆగవచ్చు. 2025 ఏప్రిల్ 12న దేశంలో అనేకచోట్ల ఫోనుద్వారా జరిగే చెల్లింపులు కొన్ని గంటలపాటు స్తంభించాయి.

కాబట్టి యంత్రాన్ని వాడుకోవాలి. అదొక్కటే దిక్కని కూర్చోరాదు. ఇంట్లో కొంత చిల్లర, ఒక టార్చిలైటు, బ్యాటరీతో నడిచే రేడియో ఉంచుకోవాలి. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితంమీద రాసి పెట్టుకోవాలి. ఇరుగుపొరుగుతో మంచిగా మెలగాలి. నది దాటడానికి వంతెన ఉన్నా, పల్లెవారు పడవను తగలబెట్టుకోరు కదా!

ఆలోచించండి – చెప్పండి

1. పావురాన్ని ముందుగానే ఊరికి తీసుకుపోవాలనడంలోని నీతి ఏమిటి?
2. ఫైలిన్ సమయంలో యంత్రం చేసిన పని ఏది? మనిషి చేసిన పని ఏది?
3. ఫోను, కరెంటు లేని రోజుల్లో మీ ఊళ్లో కబుర్లు ఎలా చేరేవో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.