అనువర్తనానికి సారె పెట్టె

ఉద్దేశం: కంప్యూటర్ అనువర్తనాన్ని వినియోగదారునికి చేర్చే విధానాన్ని, అందులో విశ్వసనీయతకు గల ప్రాధాన్యాన్ని తెలియజేయడం.

కుమార్తెను అత్తవారింటికి పంపే తల్లి సారె పెట్టెలో ప్రతి వస్తువునూ ఆలోచించి సర్దుతుంది. కంప్యూటర్ అనువర్తనం కూడా నిర్మాత చేయి విడిచి, ఎరుగని యంత్రానికి తరలిపోతుంది. దానిని నిర్మించడం ఒక ఎత్తు. లోటు లేకుండా సాగనంపడం మరొక ఎత్తు.

యాపిల్ సంస్థ వారి మ్యాక్ కంప్యూటర్లలో ఇందుకు వాడే సాధనాలలో ముఖ్యమైనది డిస్క్ ఇమేజ్. ఇది ఒకే ఫైలు. తెరిస్తే విడి డిస్కు వలె గోచరిస్తుంది. అందులో అనువర్తనం, దాని పక్కనే 'అప్లికేషన్స్' ఫోల్డరుకు దారి చూపే లంకె ఉంటాయి. మొదటి చిహ్నాన్ని రెండవదానిపైకి లాగి వదిలితే స్థాపన పూర్తవుతుంది.

దీని తయారీకి ఒక క్రమం ఉంది. తొలుత మార్పులకు వీలైన ఇమేజిని సృష్టించి, అనువర్తనాన్ని, లంకెను అందులో ఉంచుతారు. పిమ్మట విండో కొలతలను, చిహ్నాల స్థానాలను నిర్ణయించి, బాణం గుర్తు గల నేపథ్య చిత్రాన్ని అమర్చుతారు. ఆ బాణమే భాషతో పనిలేని సూచన. చివరకు 'హెచ్‌డీఐ యుటిల్' అనే ఉపకరణంతో ఇమేజిని కుదించి, చదవడానికి మాత్రమే వీలైన రూపంలోకి మారుస్తారు.

అయితే పెట్టె అందంగా ఉన్నంత మాత్రాన చాలదు. దానిపై నమ్మదగిన ముద్ర ఉండాలి. నిర్మాత డిజిటల్ సంతకమే ఆ ముద్ర. దానిని పరిశీలించే 'గేట్‌కీపర్' వ్యవస్థ 2012లో మ్యాక్‌లోకి వచ్చింది. 2016 మార్చిలో 'ట్రాన్స్‌మిషన్' అనే అనువర్తనపు డిస్క్ ఇమేజిలో దుండగులు 'కీరేంజర్' అనే హానికర ప్రోగ్రామును చొప్పించారు. దానిపై సంతకం ఉంది. కాని అది ఆ నిర్మాతలది కాదు, చెల్లుబాటయ్యే వేరొకరి ధ్రువపత్రంతో చేసినది. కావలి దానిని అడ్డగించలేదు. ఆ ప్రోగ్రాము మూడు రోజులు మౌనంగా ఉండి, ఫైళ్లకు తాళం వేసి, విడుదలకు ఒక బిట్‌కాయిన్ కోరేలా రూపొందింది. విషయం బయటపడగానే యాపిల్ ఆ ధ్రువపత్రాన్ని రద్దు చేసింది.

విశాఖదత్తుని 'ముద్రారాక్షసం'లో రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేత చిక్కి, కపట లేఖకు ప్రామాణ్యం కల్పిస్తుంది. ముద్ర నిజమైనదే, లేఖ మాత్రం అబద్ధం. నేటి సంతకానికీ ఈ ప్రమాదం ఉంది. అందుచేతనే పెట్టెలోని సరుకును కూడా పరీక్షించే 'నోటరైజేషన్' పద్ధతిని యాపిల్ 2018లో ప్రవేశపెట్టింది.

సాంకేతిక నైపుణ్యం వస్తువును ఇంటి గడప వరకు చేర్చగలదు. గడప దాటించేది నమ్మకమే.

అర్థాలు
లంకె = సంబంధం, ముడి
ముద్రిక = ముద్ర గల ఉంగరం
ప్రామాణ్యం = నమ్మదగిన స్థితి
కపటం = మోసం

ప్రశ్నలు
1. డిస్క్ ఇమేజ్ తయారీ క్రమాన్ని వివరించండి.
2. 'ముద్ర నిజమైనదే, లేఖ మాత్రం అబద్ధం' – ఈ వాక్యాన్ని 2016 నాటి ఘటనతో సమన్వయించండి.