నడుముకు బెల్టు కాదు, బలం కావాలి

పటేల్‌గూడ నుంచి పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలకు డ్యూటీకి వెళ్లేవాళ్లకు నడుం నొప్పి కొత్త సంగతేమీ కాదు. ఫార్మాలో డ్రమ్ములు దొర్లించినా, ప్యాకింగ్ టేబుల్ దగ్గర షిఫ్టంతా నిలబడ్డా, ఫోర్క్‌లిఫ్ట్ మీద కుదుపులు తిన్నా భారం చివరికి చేరేది నడుముకే. నొప్పి రాగానే మెడికల్ షాపులో గోలీ, కాస్త ముదిరితే బెల్టు, ఇంకా తగ్గకపోతే మంచం. మూడు నెలలు దాటిన నొప్పికి ఈ దారి పనిచేయదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం చేయించమంది. నడుం బెల్టులు, నడుమును సాగదీసే ట్రాక్షన్ మామూలు చికిత్సగా వద్దంది.

అలా నడుముకు పనికొచ్చే వాటిలో ఒక రకం కోర్ వ్యాయామాలు. కోర్ అంటే సిక్స్‌ప్యాక్ కాదు. పొట్టను లోపలి నుంచి పట్టీలా చుట్టిన కండరం, పక్క కండరాలు, వెన్నుపూసలను అంటిపెట్టుకున్న చిన్న కండరాలు, పైన డయాఫ్రం, కింద కటి కండరాలు అన్నీ కలిస్తే కోర్. కరెంటు స్తంభానికి స్టే వైర్లు ఎలాగో వెన్నెముకకు ఇవి అలాగ. నడక, యోగా కూడా నడుముకు మేలే చేస్తాయి. కోర్ వ్యాయామాలకున్న సౌకర్యం ఏమిటంటే, అద్దె గదిలో చాప పరిచేంత జాగా చాలు.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముకపై దశాబ్దాలు పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ మూడు కోర్ వ్యాయామాలను సూచించారు.

కర్ల్-అప్: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండో కాలు చాపండి. అరచేతులు నడుం కింద పెట్టి తల, భుజాలు కొద్దిగా మాత్రమే లేపండి. మెడ వంచొద్దు.

సైడ్ బ్రిడ్జ్: పక్కకు తిరిగి మోచేతి మీద ఆని, మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తండి. రెండు వైపులా చేయాలి.

బర్డ్ డాగ్: చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి. తర్వాత మార్చండి. నడుం కిందికి జారకూడదు.

ఒక్కోదాన్ని 8 నుంచి 10 సెకన్లు పట్టి ఉంచండి. ఊపిరి బిగపట్టొద్దు. మొదట 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్లీ ఆగి 2 చేస్తే చాలు. చేస్తుంటే నొప్పి కాలిలోకి పాకితే ఆపేయండి.

నిద్రలో వెన్ను డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో నడుం వంచే పనులు, వ్యాయామాలు వద్దు. ఫస్ట్ షిఫ్టువాళ్లు డ్యూటీ దిగి వచ్చాక చేసుకోవచ్చు. నైట్ షిఫ్టువాళ్లు పగటి నిద్ర లేచి గంట గడిచాక మొదలుపెట్టండి.

పనిలో తీరు మారకపోతే ఇంట్లో చేసిందంతా వృథా. బరువును ఒంటికి దగ్గరగా పట్టండి, మోకాళ్లు, తుంటి వంచి లేపండి, తిరగాల్సినప్పుడు నడుం మెలిపెట్టకుండా పాదాలు కదపండి. అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి లేపే బరువు 23 కిలోలు మించొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. 50 కిలోల బస్తా దానికి రెట్టింపు పైమాటే. కాబట్టి ట్రాలీ అడగండి, లేదా తోటి మనిషిని పిలవండి. గాయం చేసేంత బరువు ఎత్తించకూడదని, నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 34, 44 సెక్షన్లలో చెప్పింది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే, కాంట్రాక్టు కార్మికులైనా సరే, రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోండి. డాక్టరు విశ్రాంతి రాస్తే, అర్హత ఉన్నవారికి వేతనంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల వరకు అందుతుంది.

మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, పాదం బలహీనపడినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, కారణం లేని బరువు తగ్గుదల, కిందపడ్డాక వచ్చిన నొప్పి ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

వారంలో ఫలితం రాలేదని మానేయకండి. కండరం బలపడటానికి వారాలు పడుతుంది. రోజూ పది నిమిషాలు కేటాయించండి, బెల్టు మీద పెట్టే డబ్బు మిగుల్చుకోండి.