సభ్యుల పాఠం: కొత్త స్మార్ట్ ఫోను - నేర్వవలసిన అయిదు సంగతులు



ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళినపుడు ఒక సభ్యురాలు కార్యదర్శితో వాదిస్తున్నది. పాల బిల్లు తన ఖాతాలో పడలేదని ఆమె ఫిర్యాదు. ఫోను తెరచి చూడగా, డబ్బు జమ అయినట్లు మెసేజి మూడు రోజుల క్రిందటే వచ్చి ఉన్నది. ఫోనుకు శబ్దం లేదు, అక్షరాలు ఆవగింజలంత. తప్పు ఆమెది కాదు, కార్యదర్శిదీ కాదు. ఫోను కొనిచ్చినవారు వాడకం నేర్పలేదు, అంతే.

కొత్త గేదెను తోలుకొచ్చినపుడు దాని మేత, చేపు, తన్నే గుణం తెలుసుకుంటాము గదా! ఫోను సంగతీ అంతే. ఈ పాఠం ఆండ్రాయిడ్ ఫోన్లకు సంబంధించినది. కంపెనీని బట్టి పేర్లు కొద్దిగా మారవచ్చును.

1. పక్క బటన్లు: పొడవుగా ఉన్నది శబ్దం పెంచడానికి, తగ్గించడానికి. పొట్టిది తెర వెలిగించడానికి, ఆర్పడానికి.

2. పై పరదా: తెర పై అంచున వేలుంచి క్రిందికి లాగితే టార్చి, డేటా, విమానం మొదలైన గుర్తులు కనబడతాయి. విమానం గుర్తు వెలిగి ఉంటే మామూలు కాల్స్, మెసేజీలు రావు. కొత్తలో నేను తెలియక అది నొక్కి, ఒక పూటంతా ఎవరికీ అందలేదు. మరల నొక్కితే సరిపోతుంది.

3. సెట్టింగ్స్: పళ్ళ చక్రం గుర్తు. ఇందులో డిస్‌ప్లే అనే చోట అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. భాష అనే చోట తెలుగు ఎంచుకోవచ్చు. సౌండ్ అనే చోట మెసేజీల శబ్దం సరిచేసుకోవచ్చు.

4. తాళం: సెక్యూరిటీ అనే చోట స్క్రీన్ లాక్ పెట్టుకోండి. ఆరంకెల సంఖ్య మేలు. పుట్టిన సంవత్సరం, వరుస అంకెలు వద్దు. ఆ సంఖ్యను ఫోను కవరులో వ్రాసి దాచరాదు.

5. డబ్బు జాగ్రత్త: మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు మన ఖాతానుండి పోతున్నదని అర్థం. ఓటీపీ బ్యాంకు వారమని అడిగినా చెప్పరాదు. తెలియనివారు పంపిన లింకు, ఫైలు తెరవరాదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసి, మీ బ్యాంకుకూ తెలపండి. ఎంత త్వరగా చెబితే డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ.

బిల్లు మెసేజి వచ్చినపుడు పాల కేంద్రంలో ఇచ్చిన చీటీలను ప్రక్కన పెట్టుకోండి. లీటర్లు, వెన్న శాతం, ధర, మొత్తం సరిచూడండి. తేడా ఉంటే చీటీతో సహా కార్యదర్శిని అడగండి. అడగడం సభ్యుని హక్కు. అందుకు ఆధారం చీటీ, మెసేజి. కనుక చీటీలు పారవేయరాదు, మెసేజీలు తుడిచివేయరాదు.

అభ్యాసం: వచ్చే సంఘ సమావేశంలో ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఈ మూడు పనులు స్వయంగా చేసి చూపాలి.

(అ) అక్షరాలు పెద్దవి చేయుట.
(ఆ) విమానం గుర్తు ఆర్పుట.
(ఇ) చివరి పాల బిల్లు మెసేజి వెదకి చదువుట.

ఇంట్లో చదువుకునే పిల్లలను అడిగి నేర్చుకోండి. కాని వేలు మాత్రం మీదే కదలాలి. పితికి చూడనిదే పాలు పితకడం రాదు.